మానవహారంలో దొరికిన నా తప్పు

2011. వానలు ఎనుకకు పట్టిన రోజులు. జనగామ స్టేషన్ రోడ్డు మీద, ఒక మందుల దుకాణం పైమేడల నా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆరు మిషిన్లు, అందుల నాలుగు నడిచేటివి. పొద్దుగాల పిల్లలకు సి లాంగ్వేజ్ చెప్పేటోన్ని, పగటిపూట ఎవలన్న ప్రోగ్రాం రాసియ్యమంటే రాసిచ్చేటోన్ని. అప్పుడు తెలంగాణ కోసం సమ్మె జోరు మీదున్నది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులకు తాళాలు. రైలు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. భూపాలపల్లి బొగ్గుబావులల్ల మనోళ్లు దిగుడు బందువెట్టిన్రు గనుక కరెంటు సుత పొద్దున ఒక గంట, పగటీలి ఒక గంట. అదన్న వస్తదని గ్యారెంటీ లేదు.

నా గురించి ఒక మాట ముందుగాల చెప్పాలె, లేకుంటే ఈ కథ అర్థం గాదు. నాకు పొగరు ఎక్కువ. పని వచ్చినోనికి ఉండే పొగరు. మా వృత్తిల ఒక అలవాటున్నది: లోకమంతా ఒకటి నుంచి లెక్కవెడితే మేము సున్నా నుంచి లెక్కవెడ్తం. వరుసల మొదటి డబ్బా నెంబరు సున్నా, రెండోదాని నెంబరు ఒకటి. కొత్తగ చేరిన పిల్లలు ఒకటి నుంచి మొదలువెడితే వాళ్ల నోటుబుక్కు మూసేసి, "సున్నా నుంచి లెక్కవెట్టుడు రానోడు కిరాణం కొట్టు పెట్టుకోవాలె గాని గిక్కడికి రావద్దు" అనేటోన్ని. క్లాసంతా నవ్వేది. నాకు మస్తు కుశాలయ్యేది.

సరోజ నా దగ్గరికి మొదటిసారి వచ్చింది అంతకు రెండేండ్ల ముందు. మహబూబాబాద్ అవతల తండా ఆమెది. అక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల లెక్కలు చెప్పుకుంట పీహెచ్‌డీ చేస్తుండె. వాళ్ల తండాల డిగ్రీ చదివిన ఆడపిల్లలే ఇద్దరో ముగ్గురో, పీహెచ్‌డీ దాకా వచ్చింది ఈమె ఒక్కతే. మాట మెత్తగ, తక్కువ. ఏదన్న లెక్క గట్టిగ ఆలోచిస్తే మాత్రం పెదవులు కదుపుకుంట వాళ్ల ఇంటి భాషల లోపల లోపల చదువుకునేది.

ఆమె పని ఫ్రీ గ్రూప్ అనేదాని మీద. పేరు చూసి భయపడకుండ్రి, నాకు ఆమె చెప్పినట్టే చెప్త. మూడు తోవలున్నయనుకోండ్రి: ఎ, బి, సి. ఇంగ్లీషుల చిన్న ఎ అంటే ఆ తోవల ఒక మెట్టు ముందుకు పోవుడు. పెద్ద ఎ అంటే అదే తోవల ఒక మెట్టు ఎనుకకు వచ్చుడు. ఈ అక్షరాలను వరుసగ రాస్తే దాన్ని వర్డ్, అంటే పదం అంటరు. పోయిన ఎంబడే అదే తోవల తిరిగొస్తే అసలు పోనట్టే గదా, అందుకని చిన్న ఎ, పెద్ద ఎ పక్కపక్కన పడితే రెండిటినీ కొట్టేయొచ్చు. కొట్టేస్తే అటూ ఇటూ ఉన్నయి దగ్గరికి జరుగుతయి, అవి సుత జతైతే అవీ పోతయి. గంతే. ఇంకో రూల్ లేదు.

సరోజ ఒక లెక్క ప్రకారం ఒకదాంట్లోంచి ఒకటి పుట్టే పదాల కుటుంబాన్ని పట్టుకున్నది. పొడుగు పెరుగుకుంట పోతయి అవి. ఆ కుటుంబంల ఏ పదమూ పూర్తిగ చెరిగిపోదు, ఎంతో కొంత మిగుల్తదని ఆమె నమ్మకం. వేలల్ల ఉన్న ఆ పదాలను చేత్తో కొట్టేసుడు ఎవలితోటి అయితది? అందుకే ప్రోగ్రాం కావాలని నా కాడికి వచ్చింది.

కంప్యూటర్‌కు అక్షరాలకన్న అంకెలతోటి పని సులువు. నేను ఒక్కో అక్షరాన్ని ఒక్కో ఇంటీజర్, అంటే పూర్ణాంకం చేసిన. ఎ అంటే సున్నా, బి అంటే ఒకటి, సి అంటే రెండు. తిరుగు అక్షరమైతే ముందర మైనస్. పక్కపక్కనున్న రెండు అంకెలను కూడితే సున్నా వస్తే రెండూ చెరిపెయ్యాలె. ఒకటీ మైనస్ ఒకటీ కూడితే సున్నా, రెండూ మైనస్ రెండూ కూడితే సున్నా. ఎంత ముద్దుగుందో సూడుండ్రి! ఒక్క లైను. రాసి నా భుజం నేనే తట్టుకున్న.

ప్రోగ్రాం పొద్దంతా నడిచి ఫలితం ఇచ్చింది. ఆ వేల పదాలల్ల పదకొండు మాత్రం పూర్తిగ చెరిగిపోయినయి. ఆ పదకొండూ చూసి సరోజ మొఖం చిన్నబోయింది. తరువాత నాలుగు రోజులకు ఫోన్ చేసి, "సార్, అందుల చిన్నదాన్ని చేత్తో చేసి చూసిన. చేత్తో చేస్తే నాలుగక్షరాలు మిగుల్తున్నయి" అన్నది.

"చేత్తో చేస్తే తప్పు పోతది సరోజా. నలభై అక్షరాలున్నయి. మిషిన్ తప్పు చెయ్యది" అన్న నేను.

"రెండుసార్లు చేసిన సార్."

"రెండుసార్లూ తప్పు చేసి ఉంటవు."

అటెన్క ఆమె అడగలే. తన థీసిస్‌ల నాలుగో అధ్యాయంల నా ప్రోగ్రాం ఇచ్చిన పట్టిక పెట్టి, "పదకొండు మినహాయింపులు తప్ప" అని రాసుకొని యూనివర్సిటీకి ఇచ్చేసింది. నేను ఆ ముచ్చటే మర్చిపోయిన.

సమ్మె నడిమిట్ల ఒకనాడు పొద్దున సరోజ మెట్లెక్కి వచ్చింది. రైలు లేదు, బస్సు లేదు. భర్త బండి మీద తొర్రూరు తోవల, ఊరూరికీ రాస్తారోకోలు దాటుకుంట వచ్చిన్రు. మనిషి మొత్తం దుమ్ము. కూసోకముందే సంచిలోంచి ఒక ఉత్తరం తీసి నా టేబుల్ మీద పెట్టింది. థీసిస్ చదివిన పరీక్షకురాలు, మద్రాసు దిక్కు పెద్ద ప్రొఫెసరమ్మ, రాసిన రిపోర్టు అది. సారాంశం ఇది: ఆ పదకొండు మినహాయింపులు ఎందుకు వచ్చినయో కారణం చూపాలె, లేదంటే నాలుగో అధ్యాయం మొత్తం తీసెయ్యాలె.

"తీసేస్తే ఏమైతది?" అని అడిగిన.

"థీసిస్‌ల ఉన్నదే అది సార్. అది తీసేస్తే మిగిలింది సరిపోదు. నా రిజిస్ట్రేషన్ గడువు ఈ నెలాఖరుకు ఖతం. ఇప్పటికే ఒకసారి పొడిగించిన్రు, ఇగ పొడిగించరు." నెలాఖరుకు ఇంక తొమ్మిది రోజులున్నది. "ఏడేండ్లు సార్. మొత్తం పోతది."

నాకు జాలి గలిగింది, అది నిజం. కని దాంతోపాటు కోపం గూడ వచ్చింది, అదీ నిజమే. ఎందుకంటే ఆమె మళ్లా నోటుబుక్కు తీసింది. అదే చిన్న పదం, నలభై అక్షరాలది. పేజీ నిండ ఎర్రపెన్నుతోటి కొట్టేసిన గీతలు. "మళ్లా చేసిన సార్. నాలుగు మిగుల్తున్నయి" అన్నది నెమ్మదిగ.

"గిదే ముచ్చట రెండేండ్ల కింద గూడ చెప్పినవు. మిషిన్ కన్న నీ ఎర్రపెన్ను పెద్దదా?"

"పెద్దది గాదు సార్. కని రెండూ ఒక్కతీరుగ ఎందుకు వస్తలేవు?"

మిషిన్ పెట్టి చూపిద్దామంటే కరెంటు లేదు. కిటికీలకెళ్లి చూస్తే చౌరస్తాల దీక్షా శిబిరం కనవడుతుంది. టెంటు, మైకు, దరువు. రోజూ పదకొండింటికి అక్కడ మానవహారం కట్టేటోళ్లు. సమ్మెల ఉన్న పంతుళ్లు, బ్యాంకోళ్లు, ఆటోలోళ్లు, బీడీల కాడి ఆడోళ్లు, అందరూ చెయ్యి చెయ్యి పట్టుకొని హైదరాబాద్ రోడ్డు మీద నిలవడుడు. ఆ రోజు గూడ మనుషులు జమైతున్నరు. నా తిక్క నెత్తికెక్కింది.

"దా కిందికి. కరెంటు లేకుంటే ఏమాయె, మనుషులున్నరు. పదిమందిల చూపిస్త నీ చెయ్యి ఎక్కడ తప్పిందో" అన్న.

పాత ఫైలుల ఆ పదం ప్రింటవుట్ ఉన్నది, మిషిన్ లోపల దాచుకున్న అంకెల రూపంలనే. పాత మానిటర్ అట్టపెట్టె చింపి నలభై ముక్కలు చేసి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె స్కెచ్చు పెన్నుతోటి రాసిన. శిబిరం నడిపేది బళ్లె తెలుగు చెప్పే సారు. నేను అడిగింది విని ఆయన నవ్విండు. "ఏందయ్యా, మానవహారంల లెక్కలు చేస్తవా? చెయ్ చెయ్. రోజూ నిలవడి నిలవడి మావోళ్లకు గూడ బోర్ కొడ్తుంది" అని మైకుల నలభై మందిని పిలిచిండు.

అట్టముక్కలు పంచి వరుసగ నిలవెట్టిన. రూలు చెప్పిన: "మామూలు అంకె అంటే ఆ తోవల పోవుడు, మైనస్ అంటే అదే తోవల వాపస్ వచ్చుడు. మీ పక్కన మీ జోడి ఉంటే ఇద్దరూ చెయ్యి ఇడిచిపెట్టి టెంటులకు పోయి చాయ్ తాగుండ్రి. అటూ ఇటూ ఉన్నోళ్లు దగ్గరికొచ్చి చేతులు కలుపుకోవాలె." అందరికీ ఎంబడే అర్థమైంది. ఆ చాయ్ మాటకు ఇంక తొందరగ అర్థమైంది.

మజా మొదలైంది. రెండూ మైనస్ రెండూ పొయినయి. ఒకటీ మైనస్ ఒకటీ పొయినయి. బ్యాంకు మేనేజరు ఒక బీడీల అవ్వకు జోడి అయ్యి ఇద్దరూ నవ్వుకుంట టెంటులకు నడిచిన్రు. హారం చిన్నగైనకొద్దీ జనం చప్పట్లు. నేను మధ్యల నిలవడి పెండ్లి పెద్దలెక్క చేతులు ఊపుతున్న. ఆఖరుకు ఆరుగురు మిగిలిన్రు. వాళ్ల చేతుల అంకెలు ఇవి: ఒకటి, సున్నా, రెండు, మైనస్ రెండు, సున్నా, మైనస్ ఒకటి.

నడుమ రెండూ మైనస్ రెండూ పొయినయి. ఇగ సున్నా పక్కన సున్నా. "మీరిద్దరు గూడ పోండ్రి" అన్న. వాళ్లు పోతే ఒకటీ మైనస్ ఒకటీ కలుస్తయి, అవీ పోతయి, మిగిలేది ఏమీ లేదు. మిషిన్ చెప్పిందే నిజం. నేను గెలిచిన. సరోజ దిక్కు తిరిగి చూసిన గూడ.

ఆ రెండు సున్నాలల్ల ఒకరు ఆటో ఎల్లయ్య. పాలకుర్తి రోడ్డుల షేరింగ్ ఆటో నడిపేటోడు, యాభై ఏండ్ల మనిషి, సమ్మె మొదలైనకాన్నుంచి ఆటో పక్కన పెట్టి శిబిరంలనే ఉంటుండె. ఆయన కదల్లే.

"ఎల్లన్నా, పో" అన్న.

"ఎందుకు పోవాలె సారూ? నాకు జోడి ఏది?"

"నీ పక్కనున్నాయనే. ఆయనది సున్నా, నీది సున్నా."

"గదే అంటున్న. ఇందాకటి నుంచి చూస్తున్న, పోయిన ప్రతి జోడిల ఒకలకు మైనస్ ఉన్నది. మా ఇద్దరిల ఎవలికీ లేదు. నేను పాలకుర్తికి ట్రిప్పు కొట్టిన, ఈయన గూడ కొట్టిండు. ఇద్దరం పోయినం. మరి వాపస్ వచ్చింది ఎవలు?"

జనం గొల్లున నవ్విన్రు. నేను మాత్రం నవ్వలే. సరోజ నోటుబుక్కు తీసి ఆ రెండు జాగలు వేలుపెట్టి చూసింది. "ఈ రెండూ చిన్న ఎ అక్షరాలే సార్. రెండూ పోవుడే. ఒక్కటి గూడ వచ్చుడు లేదు" అన్నది.

సున్నాకు మైనస్ పెడితే ఏమొస్తది? సున్నే. నేను ఎ అక్షరానికి సున్నా ఇచ్చిన గనుక ఎ తోవల పోవుడూ సున్నే, వచ్చుడూ సున్నే. నా ప్రోగ్రాంకు రెండిటికీ తేడా తెల్వది. ఎవలన్న ఆ తోవల వరుసగ రెండు మెట్లు పోతే, పోయి తిరిగొచ్చిన్రని అనుకొని చెరిపేస్తుంది. ఒకటి నుంచి లెక్కవెట్టి ఉంటే ఈ పరేషానే లేదు. కిరాణం కొట్టోడు చెయ్యని తప్పు అది. ప్రోగ్రామరే చేస్తడు, అందులనూ పొగరుబోతు ప్రోగ్రామర్ చేస్తడు.

నిజం చెప్త. నాకు ఆ క్షణంల మొదట వచ్చిన ఆలోచన ఏందంటే, "కరెంటు వచ్చినంక మిషిన్ల చూస్తా" అని తప్పించుకొని మేడెక్కి, సప్పుడుగాకుండ సరిచేసుకోవాలె అని. ఎవలికి తెలుస్తది? ఎల్లయ్య ఇంక చెయ్యి పట్టుకొనే నిలవడ్డడు. "చెప్పు సారూ, పోవాల్నా, ఉండాల్నా?" అని అడుగుతుండు.

"ఉండు ఎల్లన్నా, నువ్వు ఉండాలె" అన్న. సరోజ దిక్కు తిరిగి, "నీ చెయ్యి కరెక్టు. నా ప్రోగ్రాం తప్పు. మొదటి రోజు నుంచే తప్పు" అన్న.

తిడ్తదనుకున్న. తిట్టలే. అక్కడ రోడ్డు మీదనే అట్ల నిలవడి కండ్లు తుడుచుకున్నది. "రెండేండ్లు సార్" అన్నది. "రెండేండ్లు నా చెయ్యిని నేనే నమ్మలే. నాకు లెక్కలు రావేమో అనుకున్న. క్లాసుల బోర్డు మీద రాసేటప్పుడు గూడ భయమయ్యేది." నా సర్వీసుల నన్ను అంత సిగ్గుపడేటట్టు చేసిన మాట ఇంకోటి లేదు.

ప్రోగ్రాం సరిచేసుడు చిటికెల పని. ఎ ఒకటి, బి రెండు, సి మూడు. సున్నా ఏ అక్షరానికీ లేదు. పగటీలి వచ్చిన గంట కరెంటుల మార్చి పెట్టిన. ఈసారి నన్ను నేను నమ్మలే. పెద్ద పదాలు కాదు, ముందుగాల ఒక్క అక్షరం పదాలు ఎన్నున్నయో లెక్కియ్యమన్న. ఆరు రావాలె: మూడు తోవలు, ఒక్కోదానికి పోవుడూ వచ్చుడూ. కొత్త ప్రోగ్రాం ఆరు అన్నది. పాతదాన్ని అదే అడిగితే అయిదు అన్నది. ఈ ఒక్క ప్రశ్న రెండేండ్ల కింద అడిగి ఉంటే సరిపోతుండె. అడగలే నేను.

అసలు తిప్పలు తరువాత మొదలైనయి. ఆ వేల పదాలను మళ్లా తయారు చేసి చెరిపి చూసుడు ఆ పాత మిషిన్‌కు పొద్దంతా పట్టే పని, అదీ మధ్యల ఆగకుండ. కరెంటేమో గంటకు మించి ఉండది. భూపాలపల్లిల బొగ్గుబావిల పనిచేసే మా బావకు ఫోన్ చేసిన. చిట్యాల మనిషి ఆయన, ఎగతాళి లేకుండ మాట్లాడడు.

"బావా, మీరు బొగ్గు తియ్యకపోవట్టి ఇక్కడ ఒక పిల్ల చదువు ఆగింది" అన్న.

"బామ్మర్దీ, మేము దిగేది లేదు. తెలంగాణ వచ్చినంక నీ మిషిన్‌కు రాత్రి పగలు కరెంటే, ఇగ ఆపరాదా అంటవు" అని నవ్విండు. అటెన్క నేను మొత్తం చెప్పేసరికి ఎగతాళి ఇడిచిపెట్టిండు. "గంతే గదనోయ్. మా శిబిరంల మైకుకు జనరేటర్ పెట్టిన్రు. మీ కాడ మైకు దేనితోటి మొత్తుకుంటుంది మరి?"

ఇన్ని రోజులు కిటికీలకెళ్లి దాని డుగుడుగు వినుకుంట, తిట్టుకుంట ఉన్న నేను! పోయి తెలుగు సారును అడిగిన. మొఖమాటంగనే అడిగిన, ఎందుకంటే పొద్దంతా మైకు బందంటే శిబిరానికి ప్రాణం తీసినట్టే. ఆయన గడ్డం గీక్కున్నడు. ఎల్లయ్యనే అందుకున్నడు: "ఇయ్యుండ్రి సారూ. ఒక్కరోజు గొంతులతోటే నినాదాలిద్దాం. ఆ లెక్కల నేను గూడ నిలవడ్డ. ఏమైతదో నాకు గూడ చూడాలెనని ఉన్నది."

తెల్లారి మిషిన్‌ను, మానిటర్‌ను టెంటులకు దించినం. మైకు వైరు పీకి నా వైరు పెట్టిన్రు. పొద్దున ఎనిమిదింటికి షురూ చేసిన. పక్కన డప్పు కొట్టుకుంట, నినాదాలిచ్చుకుంట జనం. నడుమ సరోజ ప్లాస్టిక్ కుర్చీల తెర మీదికెళ్లి కన్ను తియ్యకుండ కూసున్నది. మధ్యల డీజిల్ అయిపోతే ఎల్లయ్య తన ఆటోలకెళ్లి డబ్బాల పట్టుకొచ్చి, జనరేటర్ ఆగకముందే పోసిండు. వచ్చినోళ్లు వచ్చినట్టు "ఏమైంది, చెరిగిందా?" అని అడుగుడు, నేను "ఇంక లేదు" అనుడు. కిరికెట్ స్కోరు అడిగినట్టు అడిగిన్రు.

నాలుగున్నరకు అయిపోయింది. పూర్తిగ చెరిగిపోయిన పదాలు ఎన్ని అన్న జాగల, ఒక్కటి గూడ లేదు. పాత పదకొండింటినీ ఒక్కొక్కటి తీసి చూసినం. అన్నీ నిలవడ్డయి. మినహాయింపు అనేదే లేదు! సరోజ లేచి నిలవడ్డది, మళ్లా కూసున్నది, మళ్లా లేచింది. "నేను అనుకున్నదే సార్! మొదటి రోజు అనుకున్నదే!" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దగుంటదని నాకు తెల్వది. ఎవలికీ ఏమీ అర్థం గాకున్నా టెంటు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. డప్పులోళ్లు దరువు అందుకున్నరు. ఎల్లయ్య ఎగిరిండు. నేను గూడ ఎగిరిన, దాచుడెందుకు.

అసలు గొప్ప ముచ్చట అటెన్క జరిగింది, అందుల నా చెయ్యి ఏమీ లేదు. మూడు రోజులకు సరోజ ఫోన్ చేసింది. "సార్, ఆ పదకొండు అడ్డముండవట్టే నాకు ఋజువు దొరకలే. ఎటు మొదలువెట్టినా వాటి కాడ ఆగిపోయేది. ఇప్పుడు దొరికింది."

"ఎట్ల?"

"హారంల ఆఖరుకు ఏమి మిగిలింది సార్? నడుమ ఎల్లన్న, ఆయన పక్కనాయన. రెండు చిన్న ఎ అక్షరాలు. మిగతా పదాలు తీసి చూసిన, ప్రతిదాని నడుమ అసొంటి జంట ఒకటున్నది. అటు నుంచి ఎంత చెరిగినా, ఇటు నుంచి ఎంత చెరిగినా ఆ జంటను ముట్టే అక్షరం రాదు. ఎందుకు రాదో చూపిస్తే చాలు. ఒకటిన్నర పేజీల అయిపోయింది." గడువుకు రెండు రోజుల ముందు, భర్త బండి మీదనే యూనివర్సిటీకి పోయి, బందుల గూడ ఉన్న గుమస్తా ఒకాయనకు జవాబు ఇచ్చి వచ్చింది.

యూనివర్సిటీ మళ్లా తెరిచినంక వైవా పెట్టిన్రు. వైవా అంటే పరీక్షకుల ముందర నిలవడి తన పనికి తాను జవాబు చెప్పుకునుడు, ఎవలన్న పోయి వినొచ్చు. నేను పోయి ఎనుక బెంచీల కూసున్న. పక్కన సరోజ వాళ్ల నాయిన, కొత్త తెల్లపంచె కట్టుకొని, చేతులు మోకాళ్ల నడుమ పెట్టుకొని కదలకుండ ఉన్నడు. రిపోర్టు రాసిన ఆ మద్రాసు ప్రొఫెసరమ్మ అద్దాలు సవరించుకొని మొదటి ప్రశ్నే అదడిగింది: "పాత పట్టిక తప్పని రాశావు. ప్రోగ్రాం రాసింది ఎవరు?"

సరోజ జర తడబడ్డది. "మా ప్రోగ్రాంల..." అని మొదలువెట్టింది. నా పేరు చెప్పొద్దని ఆమె ఆలోచన. నేను లేచి నిలవడ్డ. "నేను మేడం. జనగామల కంప్యూటర్ చెప్త. ఎ అక్షరానికి సున్నా ఇచ్చిన. ఈమె రెండేండ్ల కిందనే తప్పున్నదని చెప్పింది, నేనే వినలే" అన్న. హాలంతా తిరిగి చూసింది.

ప్రొఫెసరమ్మ నా దిక్కు తిరిగి, "ఆరు రావాల్సిన చోట అయిదు వచ్చి ఉంటుంది" అన్నది. "అవును మేడం" అన్న. "కూర్చోండి" అన్నది, కొంచెం నవ్వినట్టే అనిపించింది. మళ్లా సరోజతోటి, "ఆ ప్రోగ్రాంను ఇప్పుడు ఎందుకు నమ్మాలి?" అని అడిగింది.

"నమ్మే పని లేదు మేడం" అన్నది సరోజ. చాక్‌పీసు తీసుకొని బోర్డు కాడికి పోయింది. రాసుడు మొదలువెట్టింది. ఒక్కసారి గూడ ఎనుకకు తిరిగి చూడలే, ఒక్క అక్షరం గూడ తుడువలే. నడిమి జంట చుట్టూ గీత గీసి, అటు ఒక కారణం, ఇటు ఒక కారణం చెప్పి, చాక్‌పీసు పెట్టేసింది. ప్రొఫెసరమ్మ బోర్డును పై నుంచి కిందికి రెండుసార్లు చదివింది. "అయితే నాలుగో అధ్యాయంలో పట్టికే అక్కర్లేదు కదమ్మా" అన్నది.

"లేదు మేడం. తీసేస్తున్న."

అట్ల నా ప్రోగ్రాం ఆ థీసిస్‌లకెళ్లి పోయింది. ఒక్క లైను గూడ మిగలలే. అయినా నాకు అయ్యో అనిపియ్యలే. బెంచీ మీద అరచేతులు నొచ్చేదాక చప్పట్లు కొట్టిన. డాక్టరేట్ ఇస్తున్నమని చెప్పంగనే వాళ్ల నాయిన నా చెయ్యి గట్టిగ పట్టుకొని, "అయిపోయిందా సారూ, ఇగ ఎవలు తియ్యలేరు గద?" అని అడిగిండు. "ఎవల తరం గాదు బాపూ" అన్న.

ఆ తరువాత నేను చానా ప్రోగ్రాంలు రాసిన, చానామందికి నేర్పిన. సున్నా నుంచే లెక్కవెట్టాల్సిన కాడ ఇప్పటికీ సున్నా నుంచే లెక్కవెడ్త, అది మా పని. కని ఎవలన్న మెల్లగ, భయపడుకుంట "చేత్తో చేస్తే వేరే వస్తుంది సార్" అన్నరంటే మాత్రం, మిషిన్ బందు చేసి వాళ్లకు కుర్చీ వేస్త. "ఏదీ, నీ నోటుబుక్కు ఇటియ్యి. నీదే కరెక్టని అనుకొని మొదలువెడ్దాం" అంట.